నాలుగు మడతల చీర

మొన్న ఆదివారం సాయంత్రం మా చిన్నాడు సైన్సు పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. ఆరో తరగతి. మర్నాడే పరీక్షట. పాఠం పేరు మిశ్రమాలను వేరుచేయడం. ఏరడం, తూర్పారబట్టడం, జల్లించడం, తేర్చడం, వడపోత, స్ఫటికీకరణం, స్వేదనం అని ఒక్క గుక్కలో అప్పజెప్పేసి, "ఒక్కోదానికి మనింట్లోంచి ఒక ఉదాహరణ చెప్పమ్మా" అన్నాడు.

ఇదేమంత కష్టం అనుకున్నాను. పొద్దున లేచింది మొదలు మనం చేసేది ఇదేగా. బియ్యంలో రాళ్లు ఏరతాం, చాటతో పొట్టు చెరుగుతాం, పిండి జల్లిస్తాం, బియ్యం కడిగి నీళ్లు వంపేస్తాం. అన్నీ గబగబా చెప్పేశాను. "వడపోతకి టీ అని టీచరే చెప్పారు, ఇంకోటి చెప్పు" అన్నాడు.

"చీర" అన్నాను.

"చీరేంటమ్మా!" అని పడీ పడీ నవ్వాడు.

వాడికి చెప్పిన కథే ఇవాళ మీకూ చెబుతున్నాను. వాడికి చెప్పనిది కూడా కొంచెం ఉంది.

మా అమ్మమ్మగారిది కృష్ణా డెల్టాలో ఒక పల్లెటూరు. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. అప్పటినుంచీ ఆ వైపు ఊళ్లన్నిటికీ పొలం తడవాలన్నా, గొంతు తడవాలన్నా కాలువే దిక్కు. కాలువ వదిలినప్పుడు ఊరి మంచినీళ్ల చెరువు నింపుకునేవాళ్లు. కాలువ కట్టేస్తే ఎండాకాలమంతా ఆ చెరువు నీళ్లే. వరద రోజుల్లో వచ్చే కొత్తనీళ్లు అచ్చం మన టీ రంగులో ఉండేవి. అవే తాగాలి, అవే వండుకోవాలి.

అమ్మమ్మ ఆ నీళ్లు తెచ్చి కుండలో పోసేది. చిల్లగింజ ఒకటి తీసుకుని, సానమీద నాలుగు చుక్కలు నీళ్లేసి అరగదీసేది. ఆ గంధాన్ని కుండలో కలిపి మూతపెట్టి పడుకునేది. తెల్లారేసరికి బురదంతా అడుక్కి దిగి, పైన తేటనీళ్లు నిలిచేవి. కుండ కదలకుండా మెల్లగా వంచి, రెండో బిందెలోకి పోసేది. ఆ బిందె మూతికి పాత నేతచీర ముక్క నాలుగు మడతలు పెట్టి కట్టి ఉండేది. మా చిన్నాడి పుస్తకంలో మూడు పేరాలు పట్టిన తేర్చడం, వంపడం, వడపోత అన్నీ ఆవిడకు ఒక కుండా, ఒక బిందె మధ్య అయిపోయేవి.

చిల్లగింజ ఎలా పనిచేస్తుందో అప్పుడు నాకు తెలీదు. బురదనీళ్లలో మట్టి రేణువులు మరీ సన్నగా ఉంటాయి. ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటూ నీళ్లలో తేలుతుంటాయే కానీ అడుక్కి దిగవు. గింజను అరగదీసినప్పుడు దిగే జిగురు పదార్థం వాటిని ఒకదానికొకటి అంటిస్తుంది. సన్నవి కలిసి ముద్దలవుతాయి, ముద్దలు బరువెక్కి కిందికి దిగుతాయి. పటిక చేసేదీ ఇలాంటి పనే. ఈ చిల్లచెట్టు, విషముష్టి చెట్టు దగ్గరి చుట్టాలట. ఒకదాని గింజ విషమైతే, ఇంకోదాని గింజ నీళ్లను తేటపరుస్తుంది. అక్కచెల్లెళ్లలో కూడా ఇలా ఉంటారు కదా అని మా వదిన అంటుంటుంది, ఆ గొడవ ఇంకోసారి.

డిగ్రీలో తెలుగు చదివినప్పుడు సంస్కృతం పేపరు కూడా ఉండేది. సంస్కృతంలో ఈ చిల్లగింజే కతకం. మురికినీళ్లను తేటపరిచేవి ఏడున్నాయని సుశ్రుత సంహితలో ఒక పట్టిక ఉంది. అందులో మొదటిది కతకం. అదే పట్టికలో ముత్యాలూ మణులూ కూడా ఉన్నాయి, అవి మనకెక్కడివి గానీ, వాటి పక్కనే వస్త్రం కూడా ఉంది. గుడ్డ! మనుస్మృతిలో సన్న్యాసి ధర్మాలు చెప్పేచోట, గుడ్డతో వడగట్టిన నీళ్లే తాగాలని ఉంది. అదే అధ్యాయంలో ఇంకో మాట నాకు చాలా ఇష్టం. కతకఫలం నీటిని తేటపరుస్తుంది నిజమే, కానీ దాని పేరు తలచినంత మాత్రాన నీళ్లు తేరుకోవు అని. పరీక్షకు పేర్లు బట్టీపట్టే మా చిన్నాడికి ఇది చెబితే, నా మొహం అదోలా చూశాడు.

ఇంతవరకూ వాడికి చెప్పాను. వాడికి చెప్పనిది ఇది.

నాకు పద్నాలుగేళ్లప్పుడు వేసవి సెలవుల్లో అమ్మమ్మ దగ్గరున్నాను. ఒక మధ్యాహ్నం బిందె మూతికి గుడ్డ నేను కట్టాను. తొందరలో రెండు మడతలే పెట్టాను. అమ్మమ్మ చూసి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, విసురుగా లాగి మళ్లీ నాలుగు మడతలు పెట్టింది. నాకు రోషమొచ్చి, "నాలుగే ఎందుకు? ఎవరు చెప్పారు?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. మా అమ్మకంటే ముందు ఆవిడకో కొడుకు. రెండేళ్లవాడు. వానాకాలంలో ఒక రాత్రి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తెల్లారి బండి కట్టేలోపే పోయాడు. ఆ వారంలో ఊళ్లో ఇంకో ముగ్గురు పిల్లలు కూడా.

"అప్పటిదాకా ఒక్క మడతే వేసేదాన్ని" అంది. "నాలుగని ఎవరూ చెప్పలేదే. ఒకటి చాలలేదుగా."

ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా ఆవిడ ఒక్క బిందె కూడా నాలుగు మడతలు లేకుండా పట్టలేదు. అది వడపోత కాదు, శిక్ష అని నాకు పెద్దయ్యాక అర్థమైంది.

ఆ పసివాడికి వచ్చింది కలరాయేనా, మరొకటా అన్నది ఇప్పుడు తేల్చగలిగే మాట కాదు. కానీ ఆ రోజులు కలరా రోజులు. 1817లో బెంగాల్లో చెలరేగి, దేశం దాటి, సముద్రాలు దాటి ప్రపంచమంతా తిరిగిన జబ్బు అది. తెలంగాణలో గత్తర అంటారు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి పొలాల్లో పాకలు వేసుకునేవాళ్లట. అది గాలివల్ల వస్తుందని లండన్‌లో పెద్ద పెద్ద డాక్టర్లే నమ్మారు. 1854లో అక్కడ బ్రాడ్ స్ట్రీట్ అనే వీధి చుట్టూ 600 మందికి పైగా చనిపోతే, జాన్ స్నో అనే డాక్టరు ఇంటింటికీ తిరిగి, అందరూ తాగింది ఒక్క పంపు నీళ్లేనని చూపించి, ఆ పంపు పిడి తీయించేశాడు. 1884లో రాబర్ట్ కాక్ మన కలకత్తాకే వచ్చి, రోగుల పేగుల్లోనూ, జనం వాడుకునే చెరువు నీళ్లలోనూ ఆ క్రిమిని పట్టుకున్నాడు.

ఆ క్రిమి ఎంత చిన్నదంటే గుడ్డ కంతల్లోంచి సులువుగా దూరిపోతుంది. మరి చీర ఎలా ఆపుతుంది? ఇక్కడే అసలు సంగతి ఉంది.

అమెరికాకు చెందిన రీటా కోల్వెల్ అనే శాస్త్రవేత్త, బంగ్లాదేశ్‌కు చెందిన అన్వర్ హక్ వగైరాలతో కలిసి ఏళ్ల తరబడి ఈ క్రిమి వెంటపడింది. చెరువు నీళ్లలో ఆవగింజకంటే చిన్న పురుగులుంటాయి. కలరా క్రిములు వేలకు వేలుగా ఆ పురుగుల ఒంటికి అంటుకుని బతుకుతాయని వీళ్లు కనుక్కున్నారు. క్రిమిని పట్టలేకపోయినా దాన్ని మోసే బండిని పడితే చాలుగా! నీళ్లు కాచుకుందామంటే బంగ్లాదేశ్ పల్లెల్లో కట్టెలకే కరువు. ప్రతి ఇంట్లోనూ ఉండేదేమిటని చూస్తే పాత నూలు చీర.

పరీక్షించి చూశారు. నాలుగు మడతలకు తగ్గకుండా వేస్తే చీర కంతలు 20 మైక్రాన్ల దాకా సన్నబడతాయి. అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు. అదీ కొత్త చీర కాదు, పాత చీరే మేలు. ఉతికి ఉతికి నూలు పోగులు విడివడి, కంతలు పూడుకుపోతాయి. ఇది చదువుతున్నప్పుడు నా చేతులు వణికాయి. "కొత్తగుడ్డలో నీళ్లు నిలవవే, జారిపోతాయి, పాతదే తే" అని అమ్మమ్మ ఎన్నిసార్లు అందో!

ఢాకాకు ఆగ్నేయంగా మత్లబ్ అనే ప్రాంతం ఉంది. అక్కడ 65 ఊళ్లలో, లక్షా ముప్ఫై వేలమందికి పైగా జనంలో మూడేళ్లపాటు చూశారు. 2003లో ఫలితాలు వచ్చాయి. చీరతో వడగట్టిన ఇళ్లలో, వడగట్టని వాళ్లతో పోలిస్తే, కలరా 48 శాతం తగ్గింది. ఐదేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి చూస్తే, ఎవరూ అడగకపోయినా నూటికి 31 మంది ఆడవాళ్లు ఇంకా నీళ్లు ఏదో ఒకదానితో వడగడుతూనే ఉన్నారు. ఇంకో విచిత్రం, చుట్టుపక్కల వాళ్లు వడగడుతుంటే, తాము వడగట్టని ఇళ్లలో కూడా జబ్బు కొంత తగ్గింది.

మన దగ్గర చీర ఇంకో జబ్బును కూడా ఆపింది. నారికురుపు. మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది, కాలి పుండులోంచి మూరెడు, బారెడు పురుగు బయటికొచ్చేది, దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగేవాళ్లు. ఆ పురుగు పిల్లలు కూడా దిగుడుబావుల్లో ఉండే ఇలాంటి చిన్న నీటిపురుగుల కడుపులోనే చేరి మన ఒంట్లోకి వస్తాయి. మన ఆంధ్రప్రదేశ్ కూడా ఆ జబ్బున్న రాష్ట్రాల్లో ఒకటి. దిగుడుబావుల్లోకి కాలుపెట్టకుండా చేసి, గుడ్డతో వడగట్టమని ఇంటింటికీ చెప్పి, మందు చల్లి, 1996 నాటికి దేశంలో ఆఖరి కేసు చూశారు. 2000లో భారతదేశంలో నారికురుపు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. దీనికి టీకా లేదు, మాత్ర లేదు. గుడ్డముక్క, దానితోపాటు ఓపిక, అంతే.

ఇదంతా చదివాక నాకు చీర అంటే గర్వం వచ్చింది. అయితే ఆ గర్వాన్ని అంతకు చాలా ఏళ్ల ముందే మా అత్తయ్య ఇంట్లో ఒకసారి పోగొట్టుకుని ఉన్నాను. అదీ చెప్పాలి.

నన్ను కనిగిరి వైపు ఇచ్చారు. కాపురానికి వెళ్లిన మొదటి రోజే బోరు నీళ్లు చూసి ఆశ్చర్యపోయాను. అద్దంలా ఉన్నాయి. బిందె అడుగున పైసా వేస్తే బొమ్మా బొరుసూ కనపడేలా. అలవాటు కొద్దీ పెట్టెలోంచి గుడ్డ తీసి బిందె మూతికి కడుతుంటే మా అత్తయ్య నవ్వింది. "ఈ నీళ్లలో కనపడేదేం ఉండదమ్మాయ్. ఉన్నదేదో కనపడదు" అంది.

నవ్వినప్పుడు చూశాను, పళ్లమీద గోధుమరంగు చారలు. అప్పటికే ఆవిడ మెడ పక్కకు తిరగదు, తిరగాలంటే మనిషంతా తిరగాలి. కిందికి వంగి కల్లాపి చల్లలేదు. యాభై ఏళ్లు కూడా లేవు.

అది ఫ్లోరైడ్. ఆ నేల రాళ్లలోంచి భూమి లోపలి నీళ్లలో కరుగుతుంది. మన దేశంలో ఈ నీళ్లవల్ల ఎముకలు బిగుసుకుపోతున్నాయని మొదట లోకానికి తెలిసింది ఈ ప్రాంతంనుంచే. అప్పట్లో ఇది మద్రాసు ప్రెసిడెన్సీ, నెల్లూరు జిల్లా. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్లు పత్రిక రాశారు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. పళ్లు ఏర్పడే వయసులో పిల్లలు తాగితే చారలు పడతాయి, ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుస్తాయి.

నేనేం చేశానో తెలుసా? చదువుకున్న కోడల్ని కదా, ఆవిడకు ప్రత్యేకంగా నీళ్లు బాగా కాచి, చల్లార్చి, నాలుగు మడతల్లో వడగట్టి ఇచ్చాను. ఒకటీ రెండూ కాదు, రెండేళ్లు. కాచిన కొద్దీ ఆవిరయ్యేది నీళ్లే. ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. నాలుగు లీటర్లు మరిగించి మూడు లీటర్లు చేస్తే, నాలుగు లీటర్లలోది మూడింట్లోనే ఉంటుంది. నేను ప్రేమగా ఇచ్చిన గ్లాసు బోరు దగ్గర పట్టిన గ్లాసుకంటే చిక్కనిది. ఇది నాకు ఆరోగ్య శిబిరానికి వచ్చిన ఒక లేడీ డాక్టరు చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తేలేది వేరు, కరిగేది వేరు. మా చిన్నాడి పాఠంలో ఇది ఒక్క వాక్యం. తేలే మట్టిని, పురుగును గుడ్డ ఆపుతుంది. కరిగిన ఉప్పును ఆపదు. ఉప్పునీళ్లు పట్టుచీరలో వడగట్టినా ఉప్పగానే ఉంటాయి. మురికిగా ఉన్న మా అమ్మమ్మ నీళ్లకు చీర పనికొచ్చింది, అద్దంలాంటి మా అత్తయ్య నీళ్లకు పనికిరాలేదు.

కరిగినదాన్ని తీయాలంటే దాన్ని ముందు కరగనిదానికి అంటించాలి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో అదే చేసింది. నీళ్లలో సున్నం, పటిక, కాస్త బ్లీచింగ్ పౌడరు వేసి కలిపితే దూదిపింజల్లాంటి ముద్దలు కడతాయి. ఫ్లోరైడ్ ఆ ముద్దలకు అంటుకుని అడుక్కి దిగుతుంది. పైన తేటను వంపి వడగట్టుకోవాలి. దీనికి నల్గొండ పద్ధతి అని పేరు. ఫ్లోరైడ్ బాధకు ఆ జిల్లా పేరే గుర్తుగా నిలిచింది మరి. చదువుతుంటే నాకు మళ్లీ అమ్మమ్మ కుండే కనిపించింది. చిల్లగింజ బదులు పటిక, అంతే తేడా. కాకపోతే రోజూ కొలతలు తప్పకుండా ఎవరో ఒకరు చూసుకోవాలి. ఇప్పుడు ఇళ్లలో వాడే ఆర్వో పొరను మొదట పనికొచ్చేలా తయారుచేసిన ఇద్దరిలో ఒకాయన మన శ్రీనివాస సౌరిరాజన్. 1960 ప్రాంతంలో అమెరికాలో లోబ్ అనే ఆయనతో కలిసి చేశారు. ఆ పొర కరిగిన ఉప్పును కూడా ఆపుతుంది. అసలు మేలు, దూరంనుంచి నదినీళ్లు ఊళ్లకు తేవడమే. తెలంగాణలో 2016లో మొదలైన మిషన్ భగీరథ ఉద్దేశం అదే.

మా అత్తయ్య దగ్గరకు వెళ్లి ఒకరోజు ఏడ్చేశాను, "రెండేళ్లు నేనే మీకు ఎక్కువ పోశాను" అని. ఆవిడ మనిషంతా నా వైపు తిరిగి, "అమ్మాయ్, నేను పుట్టినప్పటినుంచీ ఈ నీళ్లే. నీ రెండేళ్ల లెక్కెంత? నీకు తెలిసింది నువ్వు చేశావు. తెలియంది ఎట్లా చేస్తావు?" అంది.

ఆ మాట వినాల్సింది మా అమ్మమ్మ. అప్పటికే ఆవిడ లేదు.

ఉండుంటే ఆ 48 లెక్క చెప్పేదాన్ని. "అమ్మమ్మా, నాలుగు మడతలు వేసినా సగమే ఆగింది. నూరు కేసుల్లో యాభైకి పైగా అప్పటికీ వచ్చాయి. నువ్వు వేసిన మడత ఒక్కదానిమీదే వాడి ప్రాణం ఆధారపడిలేదు. అది ఊరి చెరువు సంగతి, ఊరందరి సంగతి. ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు తాగిస్తే విరేచనాలతో పోయే ప్రాణం నిలుస్తుందని దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు 1971లో శరణార్థుల శిబిరంలో వేలమందికి తాగించి చూపించేదాకా లోకమే నమ్మలేదు. నీ బిడ్డ అంతకు చాలా ముందే పోయాడు" అని చెప్పేదాన్ని. వినేదో లేదో. తల్లులు లెక్కలు వినరు.

మనింట్లో పిల్లకు జ్వరమొస్తే, మొగుడికి షుగరొస్తే, మొదట మన వంటనే, మన చేతినే అనుమానిస్తాం. ఏ మడత తక్కువేశానా అని. నీళ్లలోంచి మట్టిని వేరుచేయడం నేర్చుకున్న మనం, మన తప్పులోంచి మనది కానిదాన్ని వేరుచేసుకోవడం మాత్రం నేర్చుకోలేదు.

ఆఖరుగా మా చిన్నాడి సంగతి. వడపోతకు ఉదాహరణ దగ్గర "పాత చీర, నాలుగు మడతలు" అని రాసి వచ్చాడట. టీచరు టిక్కు పెట్టి, పక్కన ప్రశ్నార్థకం కూడా పెట్టారు. "ఎందుకు నాలుగని అడిగారమ్మా, ఏం చెప్పను?" అన్నాడు.

"ఒకటి చాలదని మా అమ్మమ్మ కనిపెట్టింది అని చెప్పు" అన్నాను.